వాడిన గుర్రపు జీను, కళ్ళేలు పాన్ షాపులో (తాకట్టు దుకాణంలో) అమ్మడం ఎలా?

డాలస్‌కు ఉత్తరాన ప్రాస్పర్, సెలైనా, ఆబ్రీ వైపు ఇళ్ళు కొనుక్కున్న తెలుగువాళ్ళ పిల్లల్లో కొందరికి ఏదో ఒక వయసులో గుర్రాల మీద మనసు పడుతుంది. డెంటన్ కౌంటీ గుర్రాలకు పేరున్న నేల. కాలనీ గోడ దాటితే ఒక ఫారం ఉంటుంది. పాప కంచె దగ్గర నిలబడి చూస్తుంది, ఆదివారాలు క్లాసులకు వెళ్తుంది, రెండేళ్ళు తిరిగేసరికి ఇంట్లోకి ఒక జీను వచ్చేస్తుంది. తర్వాత కాలేజీ. పాప హాస్టల్‌కు వెళ్తుంది, జీను గ్యారేజీలో మిగిలిపోతుంది.

మా ఇంట్లో అలా మిగిలినవి ఒక వెస్టర్న్ (కౌబాయ్ రకం) జీను, ఒక పాత ఇంగ్లిష్ జీను, రెండు కళ్ళేలు, గుర్రం ఛాతీకి కట్టే పట్టీ ఒకటి, ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా చిల్లర సామాను. మొదటిసారి వాటిని దుమ్ముతోనే సంచుల్లో కుక్కి ఒక పాన్ షాపుకు తీసుకెళ్తే మొత్తానికి కలిపి 60 డాలర్లు అన్నారు. ఇంటికి తెచ్చేసుకున్నాను. ఆరు వారాల తర్వాత దాదాపు అవే వస్తువులను వేరే ఊళ్ళో 430 డాలర్లకు అమ్మాను. ఆ ఆరు వారాల్లో ఏం చేశానో, ఏది ముందు చేసుంటే బాగుండేదో వరసగా చెబుతాను.

మన ఊళ్ళలో నగల దుకాణం బోర్డు మీద ‘జ్యువెలర్స్ అండ్ పాన్ బ్రోకర్స్’ అని రాసి ఉంటుంది కదా, ఈ పాన్ అదే. తాకట్టు దుకాణం. ఇక్కడ బంగారంతో పాటు తుపాకులు, గిటార్లు, డ్రిల్లింగ్ మిషన్లు తీసుకుంటారు. టెక్సస్ పల్లెల వైపు వెళ్తే జీనులు కూడా తీసుకుంటారు.

ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువు. కౌంటర్ వెనక ఉన్న మనిషికి చాలాసార్లు గుర్రాల గురించి పెద్దగా తెలియదు. ఏ వస్తువు ఎన్నాళ్ళలో అమ్ముడవుతుందో మాత్రం బాగా తెలుసు. తనకు తెలియని ప్రతి విషయానికీ అతను ధర తగ్గించుకుంటాడు. సైజు తెలియకపోతే కొంత, కంపెనీ తెలియకపోతే కొంత, దొంగ సొత్తేమోనన్న అనుమానానికి ఇంకొంత. ఆ అనుమానాలన్నిటికీ జవాబులు మీరే సిద్ధం చేసుకుని వెళ్ళాలి.

అమ్మకమా, తాకట్టా

షాపులోకి వెళ్ళగానే అడిగే మొదటి ప్రశ్న ఇదే. జవాబు ఇంట్లోనే తేల్చుకోండి.

తాకట్టు పెడితే అప్పు ఇస్తారు, వస్తువు వాళ్ళ దగ్గర ఉంటుంది. టెక్సస్‌లో అప్పు గడువు ఒక నెల. ఆ గడువు దాటాక ఇంకో 30 రోజుల పాటు వాళ్ళు మీ వస్తువును అమ్మకూడదు. మీరు కట్టకపోతే వస్తువు పోతుంది, అంతే. మిగతా బాకీ కోసం మీ వెంట పడరు, మీ క్రెడిట్ స్కోరుకు దెబ్బ తగలదు. అయితే చిన్న మొత్తాల మీద నెలకు 20 శాతం దాకా వసూలు చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. మన లెక్కలో చెప్పాలంటే నూటికి ఇరవై రూపాయల వడ్డీ. ఊళ్ళో నూటికి రెండు రూపాయలంటేనే ఆలోచిస్తాం. జీనును మళ్ళీ విడిపించుకోవాలన్న ఉద్దేశం లేకపోతే తాకట్టు జోలికి వెళ్ళకండి. ‘అమ్మేస్తున్నాను’ అని నేరుగా చెప్పండి.

తొందర లేనివాళ్ళకు పాన్ షాపు కంటే మంచి దారులున్నాయి, ఆ మాట కూడా ఇక్కడే చెప్పాలి. గుర్రపు సామాను అమ్మే ట్యాక్ షాపుల్లో మీ జీనును ఉంచుకుని, అమ్ముడయ్యాక కమీషన్ పట్టుకుని మిగతాది ఇచ్చేవాళ్ళు ఉంటారు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో నేరుగా స్వారీ చేసేవాళ్ళే కొంటారు. రెండింటిలోనూ ఎక్కువ డబ్బు వస్తుంది. కానీ నెలలు పట్టవచ్చు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇంటికి వచ్చిపోతుంటారు. వచ్చే వారం ఇల్లు మారుతున్నా, గ్యారేజీ వెంటనే ఖాళీ కావాలన్నా పాన్ షాపుకు వెళ్ళడంలో తప్పులేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఫ్రెంచి కంపెనీల ఖరీదైన ఇంగ్లిష్ జీను, సీడబ్ల్యూడీ, ఆంటారెస్ లాంటిది మీ దగ్గర ఉంటే దాన్ని పాన్ షాపుకు తీసుకెళ్ళకండి. కౌబాయ్ జీనులు కొనే చోట దాని విలువ ఎవరికీ పట్టదు.

ముందు చట్రం చూడండి

జీను లోపల ఒక చట్రం ఉంటుంది. దాన్ని ఇక్కడ ‘ట్రీ’ అంటారు. చెక్కతో చేసి పచ్చితోలు గానీ ఫైబర్‌గ్లాస్ గానీ తొడుగుతారు. పైకి కనబడే తోలంతా దాని మీద కట్టిందే. గుర్రం జీనుతో సహా కింద పడి దొర్లినా, ఎవరైనా దాని మీదుగా పికప్ ట్రక్కు పోనిచ్చినా చట్రం విరుగుతుంది. బయటికి ఏమీ కనబడదు. విరిగిన జీనును గుర్రం మీద వేసి మనిషి ఎక్కితే బరువంతా వీపు మీద ఒకేచోట గుచ్చుకుంటుంది. నొప్పికి గుర్రం ఎగిరి పడేస్తుంది. ఆ పడేది ఎవరో ఒకరి బిడ్డ. అందుకే ధర సంగతి తర్వాత, ఈ పరీక్ష ముందు.

వెస్టర్న్ జీనుకు ముందువైపు పట్టుకోవడానికి కొమ్ము ఉంటుంది. ఆ ముందు భాగాన్ని మీ తొడకు గట్టిగా ఆనించి, వెనక ఎత్తుగా ఉన్న అంచును రెండు చేతులతో పట్టుకుని మీ వైపు లాగండి. కూర్చునే భాగం మధ్యలో మడత పడకూడదు, కిరకిర చప్పుడు రాకూడదు. తర్వాత కొమ్మును పట్టుకుని అటూ ఇటూ ఊపండి. అది కదిలితే లోపల ఏదో తేడా ఉన్నట్టే.

ఇంగ్లిష్ జీనుకు కొమ్ము ఉండదు. దీన్ని కూడా అలాగే లాగి చూడాలి, కానీ ఒక తేడా ఉంది. చాలా ఇంగ్లిష్ జీనుల చట్రంలో స్టీలు పట్టీలు ఉంటాయి కాబట్టి కొంచెం వంగి స్ప్రింగులా వెనక్కి వస్తుంది. అది లోపం కాదు. సీటు మీద అడ్డంగా ముడతలు పడినా, ‘టక్’ మని వినబడినా అనుమానించాలి. ఇక ముందు వంపు రెండు కాళ్ళనూ పట్టుకుని దగ్గరికి నొక్కండి, దూరంగా లాగండి. అక్కడ ఏ కదలికా ఉండకూడదు.

అనుమానం తీరకపోతే జీనులు బాగుచేసేవాళ్ళకు చూపించండి. చట్రం విరిగిందని తేలితే దాన్ని స్వారీ జీనుగా అమ్మకండి. షాపువాడు అడగకపోయినా మీరే చెప్పాలి. ‘ఇది అలంకారానికే, స్వారీకి పనికిరాదు’ అని రసీదు మీద రాయించండి. పాత జీనులను గోడకు తగిలించుకునేవాళ్ళు, రెస్టారెంట్లలో పెట్టుకునేవాళ్ళు టెక్సస్‌లో ఉన్నారు. అందుకు వచ్చే ధర తక్కువే, కానీ ఆ ధరకే ఇవ్వాలి. చట్రం విరిగిందని తెలిశాక దానికి సబ్బులూ నూనెలూ రాస్తూ కూర్చోవడం గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడమే.

చట్రం తర్వాత పట్టీలు. గుర్రం కడుపు కింద కట్టే పట్టీని వెస్టర్న్‌లో సించ్ అంటారు, ఇంగ్లిష్‌లో గర్త్ అంటారు. దాన్ని జీనుకు బిగించే తోలు పట్టీలను వేళ్ళతో గట్టిగా వంచి చూడండి. మడత దగ్గర పగుళ్ళు కనబడితే తోలు ఎండి చచ్చిపోయింది. వెస్టర్న్ జీనుకు ఎడమవైపు ఉండే పొడుగు పట్టీ, లాటిగో, విడిగా దొరుకుతుంది. ఇరవై ముప్పై డాలర్లు పెట్టి కొత్తది వేస్తే ఆ ఖర్చు ధరలో తిరిగి వస్తుంది. నేను ఖర్చుపెట్టిన రిపేరు అదొక్కటే. కాలు పెట్టే రికాబుల పట్టీలను పక్కపక్కన పెట్టి కొలవండి. ఎప్పుడూ ఎడమవైపు నుంచే ఎక్కుతారు కాబట్టి ఎడమ పట్టీ సాగి ఉంటుంది. కొంచెం తేడా అయితే పర్వాలేదు.

హెల్మెట్ అమ్మకండి. ఒకసారి పడిన హెల్మెట్ పైకి ఎంత బాగా కనబడినా లోపలి ఫోమ్ నలిగిపోయి ఉండవచ్చు, రెండోసారి తలను కాపాడకపోవచ్చు. పట్టీలు కత్తిరించి చెత్తలో వేయండి. కత్తిరించడం ఎందుకంటే, చెత్తలోంచి తీసి ఎవరూ పెట్టుకోకుండా.

పేరు, ఊరు, సైజు

జీను మీద తయారీదారు ముద్ర ఎక్కడుందో వెతకండి. వెస్టర్న్‌లో అయితే సీటు ముందు భాగంలోనో, కాలికి ఆనే వెడల్పాటి తోలు మీదనో ఉంటుంది. సీరియల్ నంబరు ఆ తోలు ఎత్తితే కింద కనబడవచ్చు. ఇంగ్లిష్ జీనుకు పక్క రెక్క ఎత్తి చూడాలి. టార్చిలైటు, తడిగుడ్డ దగ్గర పెట్టుకోండి, ముద్రలు మట్టి కింద కప్పబడి ఉంటాయి.

సర్కిల్ వై, టెక్స్ టాన్ కంపెనీలు రెండూ టెక్సస్‌లోని యోకమ్ అనే చిన్న ఊరివి. ఆ పేర్లు ఇక్కడి షాపువాళ్ళకు తెలుసు. బిల్లీ కుక్ అని ఉంటే పక్కన ఊరి పేరు కూడా చదవండి. ఆ పేరుతో టెక్సస్‌లోని గ్రీన్‌విల్‌లోనూ, ఓక్లహోమాలోని సల్ఫర్‌లోనూ జీనులు తయారయ్యాయి. తెలిసినవాళ్ళు రెండింటికీ ఒకే ధర పెట్టరు. ఇంగ్లిష్‌లో జర్మనీవాళ్ళ ష్టూబెన్, పాసియే పాతబడినా నిలబడే సరుకు. వింటెక్ అని ఉంటే అది తోలు కాదు, సింథటిక్. తేలిక, కడుక్కోవడం సులువు, పిల్లల కోసం కొనేవాళ్ళు ఉంటారు.

ఏ పేరూ లేకుండా ‘మేడిన్ ఇండియా’ అని మాత్రమే ఉంటే షాపువాడు పెదవి విరుస్తాడు. నాకు ఆ మాట కష్టంగానే అనిపించింది. కాన్పూర్‌లో బ్రిటిష్ కాలం నుంచీ జీనులు కుడుతున్నారు, కాన్పూర్ జీనులకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడ మంచి పనివాళ్ళున్నారు. కానీ అమెరికాలోకి వచ్చేవాటిలో పలుచని తోలుతో చేసిన చవక రకం చాలా ఉండటంతో మంచిదానికీ అదే పేరు పడిపోయింది. మీది గట్టి సరుకైతే తోలు మందం, కుట్లు చూపించి మాట్లాడండి. అయినా ధర పెద్దగా పెరగకపోవచ్చు, అది ముందే తెలిసి ఉండటం మంచిది.

సైజు అంగుళాల్లో చెప్పాలి. వెస్టర్న్ జీనుకు కొమ్ము కింది భాగం నుంచి వెనక అంచు మధ్యదాకా టేపు పెట్టండి. ఇంగ్లిష్ జీనుకు ముందు పక్కన ఉండే చిన్న మేకు తల నుంచి వెనక అంచు మధ్యదాకా. పిల్లల వెస్టర్న్ జీను 12, 13 ఉంటుంది. పెద్దవాళ్ళకు 15, 16 ఎక్కువగా నడుస్తాయి. ఒకే మనిషికి ఇంగ్లిష్ సైజు వెస్టర్న్ కంటే దాదాపు రెండు అంగుళాలు పెద్దది కావాలి, అందుకే ఏ రకమో చెప్పకుండా సైజు చెబితే అర్థం ఉండదు. కంపెనీ, ఊరు, సీరియల్ నంబరు, సైజు ఒక కార్డు మీద పెద్దక్షరాలతో రాసి జీనుకు దారంతో కట్టండి. నేను అలా కట్టి తీసుకెళ్తే ఆ షాపు మనిషి కార్డు చూసి నేరుగా కంప్యూటర్‌లో ధరలు వెతకడం మొదలుపెట్టాడు. మొదటి షాపులో అయితే జీను తాకను కూడా తాకలేదు.

చిల్లర డబ్బాను కూడా తేలిగ్గా తీసుకోకండి. కళ్ళెంలో గుర్రం నోట్లో ఉండే ఇనుప ముక్కను బిట్ అంటారు. బిట్ మీద, కాలికి తొడిగే స్పర్ల మీద ‘స్టెర్లింగ్’ అని చెక్కి ఉంటే అది నిజమైన వెండి, దాన్ని విడిగా పట్టుకెళ్ళండి. ‘జర్మన్ సిల్వర్’ అని ఉంటే మన పూజ గదిలో జర్మన్ సిల్వర్ పళ్ళెం సంగతే. రాగి, నికెల్, జింకు కలిసిన లోహం, వెండి పిసరంత కూడా ఉండదు.

శుభ్రం చేయడం

దీనికి మూడు రోజులు పెట్టుకోండి, ఒక్క పూటలో చేయవద్దు. మొదటి రోజు పట్టీలన్నీ విప్పి, బ్రష్‌తో మట్టి దులిపి, తోలు సబ్బుతో తుడవాలి. సబ్బు కొంచెం, నీళ్ళు ఇంకా కొంచెం, స్పాంజితో నురగ చేసి రుద్దాలి. బూజు ఉంటే తెల్ల వెనిగర్‌లో నీళ్ళు కలిపి గుడ్డతో తుడిచి, ఆరుబయట నీడలో పెట్టండి. ఎండలో పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది, టెక్సస్ ఎండకైతే ఒక్క మధ్యాహ్నం చాలు.

రెండో రోజు పూర్తిగా ఆరాక తోలుకు రాసే నీట్స్‌ఫుట్ నూనె గానీ తోలు కండిషనర్ గానీ పలుచగా రాయండి. వంటింటి నూనెలు వద్దు. ఎక్కువ రాస్తే తోలు నల్లబడుతుంది, కుట్లు వదులవుతాయి, పైగా ముట్టుకున్నవాడి చేతికి జిడ్డు అంటుతుంది. జిడ్డు చూస్తే ఏదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది. స్వేడ్ (నూగు తోలు) సీటుకు సబ్బూ నూనే రెండూ వద్దు, మెత్తని బ్రష్ చాలు. మూడో రోజు జీను అడుగున ఉండే ఉన్నిని దువ్వి గుర్రం వెంట్రుకలు తీసేయండి. లోహపు భాగాలు తుడిచి, పట్టీలు మళ్ళీ కట్టి, నాలుగు వైపులా, అడుగున, ముద్ర దగ్గర ఫొటోలు తీసుకోండి.

మీదేనని రుజువు

జీనుల దొంగతనాలు ఇక్కడ మామూలే. ఫారంలో ట్యాక్ రూము తాళం పగలగొట్టి, రాత్రికి రాత్రి జీనులన్నీ ఎత్తుకుపోతారు. టెక్సస్ అండ్ సౌత్‌వెస్టర్న్ క్యాటిల్ రైజర్స్ అసోసియేషన్ 1877 నుంచి ఉంది. వాళ్ళ స్పెషల్ రేంజర్లు పోలీసు అధికారాలతో పశువుల దొంగతనాలతో పాటు జీనులు, ట్రైలర్ల దొంగతనాలు కూడా విచారిస్తారు. పాన్ షాపులు తాము కొన్నవాటి వివరాలు పోలీసులకు అందేలా చేస్తాయి. అందుకే ప్రభుత్వ ఫొటో గుర్తింపు కార్డు తప్పనిసరి, డ్రైవర్ లైసెన్స్ చాలు. పిల్లలను పంపితే కుదరదు, అమ్మేవాళ్ళకు 18 ఏళ్ళు నిండాలి.

కొన్న రసీదు ఉంటే తీసుకెళ్ళండి. వాడిన జీనునే కొని ఉంటే అప్పటి మెసేజీలు, డబ్బు పంపిన వివరాలు ఫోన్‌లో సిద్ధంగా పెట్టుకోండి. జీను వెనక పాప పేరుతో ఇత్తడి పలక ఉంటే పీకేయకండి, ఖాళీ మేకు రంధ్రాలు చూస్తే ఎవరికైనా అనుమానమే. నేను మా అమ్మాయి అదే జీను మీద కూర్చుని రిబ్బన్ పట్టుకున్న ఫొటో చూపించాను. ఆ తర్వాత ఎవరూ ఇంకేం అడగలేదు.

షాపు వెతకడం, ధర కట్టడం

డాలస్ నడిబొడ్డున నగలు, ఫోన్లు చూసే షాపుకు జీను మోసుకెళ్ళడం దండగ. వెదర్‌ఫర్డ్, స్టీఫెన్‌విల్ లాంటి గుర్రాల ఊళ్ళ వైపు, లేదా ఫోర్ట్‌వర్త్ అంచుల్లో చూడండి. ముందు ఫోన్ చేయండి. ‘జీనులు తీసుకుంటారా?’ అని అడిగి ఆగకండి. ‘ప్రస్తుతం మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?’ అని కూడా అడగండి. ఎనిమిది ఉన్నాయంటే తొమ్మిదోదానికి ధర రాదు. ఒకటో రెండో ఉన్నాయి, అప్పుడప్పుడూ పోతున్నాయి అంటే వెళ్ళండి.

ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. అప్పుడు టాక్స్ రిఫండ్లు వచ్చి జనం చేతిలో డబ్బు ఆడుతుంది, షాపుల్లో కొనేవాళ్ళు పెరుగుతారు. ఫోర్ట్‌వర్త్ స్టాక్ షో (పశువుల ప్రదర్శన) జనవరి మధ్యలో మొదలై ఫిబ్రవరి దాకా, హ్యూస్టన్ రోడియో (కౌబాయ్ పోటీలు) మార్చిలో సాగుతాయి కాబట్టి గుర్రాల మాట కూడా అప్పుడే ఎక్కువ వినబడుతుంది. శనివారం వెళ్ళకండి. వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే తీరిగ్గా చూస్తారు.

ధర కోసం ఈబేలో అదే కంపెనీ, అదే సైజు జీను వెతికి, అమ్ముడైనవి మాత్రమే చూపించమని పెట్టండి. అమ్మకానికి పెట్టిన ధర ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు, దానికి విలువ లేదు. అమ్ముడైనవి ఓ ఐదు చూసి మధ్యస్థంగా ఉన్న ధర తీసుకోండి. అది 700 డాలర్లనుకుందాం. షాపువాడు అందులో మూడో వంతు నుంచి సగం దాకా, అంటే 230 నుంచి 350 మధ్య ఇస్తే న్యాయమని నేననుకుంటాను. అతను షాపు అద్దె కట్టాలి, నెలల తరబడి జీనును గోడకు తగిలించుకోవాలి. మీరు ఇంతకంటే తక్కువకు ఇవ్వకూడదనుకున్న అంకె కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. అక్కడికి వెళ్ళాక మనసు మారుతుంది, ఆ కాగితం ఉంటే మారదు.

కౌంటర్ దగ్గర

ఒక్కో వస్తువు విడిగా బయటికి తీయండి. జీను ముందు. దాని ధర తేలేదాకా మిగతావి కారులోనే ఉండనివ్వండి. అన్నీ ఒకేసారి పరిస్తే కుప్పకు ఒక ధర చెబుతారు, నాకు మొదట జరిగింది అదే. సించ్, జీనుకు సరిపోయే రంగు ఛాతీ పట్టీ మాత్రం జీనుతో పాటే చూపించండి, జతగా ఉంటే తొందరగా అమ్ముడవుతాయని వాళ్ళకూ తెలుసు.

‘ఎంతకిస్తారు?’ అని అడిగితే మీ జేబులో అంకె కంటే కొంచెం పైన చెప్పి, ఈబే పేజీ చూపించండి. అర్జెంటు అని, ఇల్లు మారుతున్నామని చెప్పకండి. లోపాలు మాత్రం మీరే ముందు చూపించండి. ‘ఈ పట్టీ పాతది, ఇది కొత్తగా వేయించాను, చట్రం పరీక్ష చేశాను, కావాలంటే మీ ముందే మళ్ళీ చేస్తాను’ అనండి. నేను కౌంటర్ మీదే జీనును తొడకు ఆనించి లాగి చూపించాను. అక్కడే టోపీ పెట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన, ఆ షాపుకు వచ్చిన వేరే కస్టమర్, తల ఊపాడు. షాపు మనిషి ఆయన వైపు చూసి ధర 40 డాలర్లు పెంచాడు.

ధర కుదరకపోతే థాంక్స్ చెప్పి జీను ఎత్తుకోండి. తలుపు దాకా వెళ్ళేలోపు పిలవవచ్చు, పిలవకపోవచ్చు. ఇంకో షాపు చిరునామా ముందే రాసుకుని ఉంటే టెన్షన్ ఉండదు.

కుదిరితే రసీదులో ‘అమ్మకం’ అని ఉందో, తాకట్టు చీటీ ఇస్తున్నారో చదివి సంతకం పెట్టండి. వాడుకున్న సొంత వస్తువును కొన్న ధర కంటే తక్కువకు అమ్మితే దానికి పన్ను ఉండదు, అలాగని ఆ నష్టాన్ని పన్నులో తగ్గించుకోవడమూ కుదరదు. రసీదు మాత్రం దాచుకోండి, పోలీసులు ఎప్పుడైనా అడిగితే అదే ఆధారం.

షాపువాళ్ళు వద్దన్న హాల్టర్లు (గుర్రాన్ని నడిపించడానికి తలకు తొడిగే పట్టీలు), జీను కింద వేసే దుప్పట్లు, బ్రష్‌లు బాగుంటే దగ్గర్లోని 4-హెచ్ అనే పిల్లల క్లబ్బునో, వైకల్యం ఉన్న పిల్లలకు గుర్రపుస్వారీతో చికిత్స చేసే కేంద్రాన్నో అడగండి. అలాంటి చోట్ల ఎప్పుడూ ఏదో ఒకటి కావాలంటారు. మా వస్తువుల్లో ఒక డబ్బా అలాగే వెళ్ళింది. ఇక జీను పెట్టుకునే ఇనుప స్టాండు. దాన్ని కూడా కారులో వేసుకెళ్ళి, బేరమంతా అయ్యాక చివర్లో చూపించండి. జీను కొన్నవాడికి దాన్ని నిలబెట్టడానికి ఏదో ఒకటి కావాలి, నా స్టాండుకు 20 డాలర్లు ఇచ్చారు.